రెండో బీగంచెవి

హోసూరులో నన్ను బండ్ల కిట్టప్ప అంటారు. పాత కార్లు అమ్మించేది నా పని. ఇరవై రెండేండ్లు సొంతంగా బ్రోకరు పని చేసినాను. ఆ తర్వాత ఏడేండ్లు పాత కార్లు కొనే ఒక కంపెనీలో ఇన్‌స్పెక్టరుగా చేసినాను. పోయినేడు రిటైరైనాను. ఇప్పుడు పొద్దున లేస్తే పోయేదానికి చోటు లేదు, అందుకని కూర్చోని ఇది రాస్తాండాను.

మా కంపెనీలో కొత్తగా చేరే పిలకాయలకు పది దినాలు ట్రైనింగు ఇస్తారు. ఫోటో ఏ మూల నుంచి తీయల్ల, ట్యాబులో ఏ గడిలో టిక్కు పెట్టల్ల, అంతా నేర్పిస్తారు. బాగానే నేర్పిస్తారు, నేను కాదనను. అయితే అమ్మే మనిషి ఇంటికి పోయి కూర్చున్నాక ఏం అడగల్లో నేర్పించరు. అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అప్పటికి ఒక మనిషి ప్రాణం పోయింది. దానికీ నీకూ సంబంధం లేదప్పా అని చెప్పేవాళ్ళు ఉండారు. వాళ్ళు చెప్పేది వింటాను గానీ నా మనసు ఒప్పుకోలే.

తువ్వాల కింద చెయ్యి

మాది వేప్పనపల్లి పక్క పల్లె. మా నాయన ఎద్దుల బ్రోకరు. సంతలో అమ్మేవాడి చెయ్యి తువ్వాల కింద పట్టుకోని వేళ్ళు నొక్కి ధర అడుగుతాడు, మళ్ళా కొనేవాడి చెయ్యి పట్టుకోని నొక్కి చెప్తాడు. పక్కన నిలబడినోడికి ఏమీ తెలీదు. బేరం కుదిరితే అమ్మినోడు ఎద్దు మెడకు కట్టిన పలుపు విప్పుకోని ఇంటికి తీసకపోతాడు. కొన్నోడు కొత్త తాడు తెచ్చుకోవల్ల. పాత పలుపు ఇచ్చేస్తే దాంతోనే ఇంట్లో పాడి కూడా పోతాదని మావాళ్ళ నమ్మకం. ఎంత పెద్ద ధర ఇచ్చినా పలుపు మాత్రం ఇయ్యరు.

మా నాయనకు ఒక అలవాటు ఉండింది. ఎద్దు పండ్లు చూసేదానికి ముందు అమ్మేవాణ్ణి పక్కకు పిలిచి, ఇది పోతే నీ చేను ఎవురు దున్నుతారు అని అడుగుతాడు. జవాబు సరిగ్గా రాకపోతే, వద్దులే అప్పా, ఇంటికి తోలుకోని పో అని పంపించేస్తాడు. చేతికొచ్చిన కమిషను వదులుకునే బ్రోకరును నేను ఆయన్ను ఒకణ్ణే చూసినాను. మా అమ్మ తిడతావుండె. నేనూ మనసులో నవ్వుకునేవాణ్ణి, ఈ మనిషికి బతికేది తెలీదని.

నాకు ఎద్దులు పట్టలే, ఇంజన్లు పట్టినాయి. జూజువాడిలో చెక్‌పోస్టు దగ్గర బాషా మేస్త్రి షెడ్డులో చేరినాను. ఆయన నోరు తెరిస్తే బూతు, చెయ్యి పెడితే బండి లేచి నిలబడాల్సిందే. పాత బండిని చూసే కన్ను ఆయనే ఇచ్చినాడు. డోరు రబ్బరు పీకి లోపల వెల్డింగు చుక్కలు చూడమంటాడు. ఫ్యాక్టరీలో వేసిన చుక్కలు గుండ్రంగా ఒకే దూరంలో ఉంటాయి, గుద్దిన బండిలో అట్లా ఉండవు. బానెట్టు బోల్టుల మీద పెయింటు చెదిరుంటే ఆడ ఎవురో స్పానరు పెట్టినట్టే. మీటరు ముప్పై వేలు చూపిస్తా, బ్రేకు పెడలు రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయుంటే మీటరును నమ్మొద్దు, పెడలునే నమ్ము అంటాడు. ఇంజను నడుస్తాండంగానే ఆయిలు మూత తెరిచి చెయ్యి అడ్డం పెట్టి చూడమంటాడు, పొగ ఎంత తోస్తాదో.

కొత్తగా చేరే పిలకాయలారా, ఇవన్నీ ఇప్పుడు మీ ట్యాబులో ఉండాయి. అయినా ఒక మాట. రబ్బరు పీకేది మరవాకండి. ఒళ్ళు వంచలేక చూడకుండానే టిక్కు పెట్టేసేవాళ్ళను నేను చానా మందిని పట్టుకోని తిట్టినాను.

మా అయ్యవారు

బ్రోకరుగా నేను చేసిన తప్పు ముందు చెప్తాను. దాని తోకే రెండో తప్పు.

ఆ కాలంలో బండి అమ్మితే మేము పేరు మార్చేవాళ్ళం కాదు. అమ్మేవాళ్ళతో ఫారాల మీద సంతకాలు పెట్టించుకుంటాము. కొనేవాడి పేరు రాసే జాగా ఖాళీగా వదిలేస్తాము. ఆ ఫారాలు బండితోనే చేతులు మారతా పోతాయి. ఎవురికి కావల్లంటే వాళ్ళు తమ పేరు రాసుకుంటారు, వద్దంటే అట్లే తిప్పుతారు. మా మూల మూడు రాష్ట్రాలు కలిసే చోటు. బండి నంబరు తమిళనాడుది, కొన్నోడు కర్ణాటకవాడు, తిరిగేది ఆంధ్రాలో. ఎవురు అడిగేది? అందరూ చేసినారు, నేనూ చేసినాను.

వేప్పనపల్లిలో నాకు తెలుగు అక్షరాలు దిద్దించిన నారాయణ అయ్యవారు తన కారు అమ్మల్లని నా దగ్గరకే వచ్చినాడు. నా శిష్యుడు ఉండంగా వేరేవాళ్ళ దగ్గరకు యాల పోవల్ల అని అందరికీ చెప్పుకున్నాడు. ఫారం ఖాళీగా ఉండాదే కిట్టప్పా అని అడిగినాడు కూడా. అదంతా నేను చూసుకుంటాను అయ్యవారూ, మీరు సంతకం పెట్టండి అన్నాను. పెట్టినాడు. ముత్యాల మాదిరి సంతకం.

ఆ కారు మూడు చేతులు మారి కుప్పం పక్కన ఒక మనిషిని గుద్దింది. ఇన్సూరెన్సు లేదు. కాగితాల్లో ఓనరు మా అయ్యవారు. పోలీసులు ఆయన ఇంటి ముందర జీపు నిలిపినారు. ఊర్లో సగం మందికి చదువు చెప్పిన మనిషి, ఆ ఊరంతా చూస్తాండంగా జీపు ఎక్కినాడు. ఆ తర్వాత ఏండ్ల తరబడి బస్సులో కోర్టుకు తిరిగినాడు. ఒకోసారి నేనూ కూడా పోయినాను. నన్ను ఒక్క మాట అనలే. టిఫిను తిన్నావా అని మాత్రం అడుగుతాడు. అయితే ఆ జీపు వచ్చినప్పటి నుంచి నన్ను శిష్యుడు అని ఎవురికీ చెప్పలే. ఈ అబ్బాయి మా ఊరివాడు అని చెప్తాడు. కేసు ముగిసేదానికి ముందే ఆయన పోయినాడు.

ఆ దినం నుంచి ఖాళీ ఫారం ముట్టుకోలే. ముట్టుకోకపోతే బ్రోకరు పని నడవదు. ఒకొక్కరే నన్ను వదిలి వేరే బ్రోకర్ల దగ్గరకు పోయినారు. అప్పుడే హోసూరులో ఆ కంపెనీ బోర్డు పెట్టినారు. పోయి చేరినాను.

కంపెనీలో

కంపెనీ పని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మంచి ఏమంటే, కాగితాలు చక్కగా ఉంటాయి. ఈ దినం బండి ఇస్తే డబ్బు ఈ దినమే బ్యాంకులో పడతాది. పేరు మార్చే బాధ్యత వాళ్ళదే. మా అయ్యవారికి వచ్చిన గతి ఎవురికీ రాదు. ఊరు మారి పోయేవాళ్ళకు, నెత్తి మీద లోను ఉన్నోళ్ళకు, బేరాలు ఆడే ఓపిక లేనోళ్ళకు అంతకంటే మంచిది లేదు. చెడు ఏమంటే, ధర తక్కువ. మనిషికి మనిషి అమ్ముకుంటే వచ్చేదాంట్లో నుంచి కొంచెం కోసే ఇస్తారు. ఇంగొకటి, అమ్మేవాళ్ళకు తమ బండి ఎవురికి పోతాదో తెలీదు. నేను ఫోటోలు పంపిస్తే యాడో కూర్చున్న డీలర్లు ఫోన్లలో వేలం పాడతారు. ఎవురు ఎక్కువ పాడితే వాళ్ళది. అమ్మినోడు కొన్నోడి మొగం చూడడు.

ఈ రెండోది పెద్ద విషయమని నేను అనుకోలే. కారు ఎద్దు కాదు కదా, ఎవురి దగ్గరకు పోతే ఏమి అనుకున్నాను.

మా మేనేజరు సేలం మనిషి. నిదానస్తుడు, గొంతు పెంచి మాట్లాడడు. ఒక దినం టీ తాగతా, బ్రోకరు పని ఎందుకు వదిలినావు అని అడిగినాడు. అయ్యవారి సంగతి అంతా చెప్పినాను. చెప్తా చెప్తా నాకు కండ్లలో నీళ్ళు వచ్చినాయి. ఆయన గ్లాసు కింద పెట్టినాడు. తర్వాత, కిట్టప్పా, ప్రైవేటుగా అమ్ముతాము అనే ప్రతి ఇంట్లో ఇదే చెప్పు, వేరేది ఏమీ చెప్పొద్దు అన్నాడు.

నాకు అది తప్పనిపించలే. నిజమే కదా, మంచికే కదా చెప్తాండాను అనుకున్నాను. చెప్పడం మొదలుపెట్టినాను. కారును తమ్ముడి స్నేహితుడికి ఇస్తాము అనేవాళ్ళు, ఎదురింటాయన అడుగుతాండాడు అనేవాళ్ళు, అయ్యవారు జీపు ఎక్కిన సంగతి వింటే బెదిరిపోయి బండి కంపెనీకే ఇస్తారు. మొదట్లో జీపు మాట వచ్చేసరికి తొందరగా దాటేసేవాణ్ణి. పోను పోను అట్లా దాటేసేది మానేసినాను. యాడ ఆపల్ల, యాడ తల వంచుకోవల్ల, అన్నీ అలవాటైపోయినాయి. నా గురువు పడిన బాధను ఇంటింటికీ తీసకపోయి అమ్మినాను. ఈ మాట అప్పుడు ఎవురన్నా అనుంటే కొట్టేవాణ్ణి.

సాలమ్మ వ్యాను

డెంకణికోట దాటి అడవి అంచున ఒక పల్లె. ఆడ సాలమ్మ అనే ఆమె వ్యాను అమ్మల్లని ఆమె అల్లుడు ఫోనులో బుక్ చేసినాడు. ఆ నెల నాకు టార్గెట్టుకు ఒక్క బండి తక్కువ ఉండింది. ఇది గుర్తు పెట్టుకోండి, నేను మరిచిపోలేకుండా ఉండాను.

సాలమ్మ మొగుడు లగుమప్ప చనిపోయి అప్పటికి పది నెలలు. వ్యాను తోలేది ఆయనే. లోను ఆమె పేరు మీద తీసినారు కాబట్టి బండి కూడా ఆమె పేరు మీదే ఉండింది. ఆమెకు తోలేది రాదు. ఎక్కువ దినాలు నిలబడే ఉండే బండికి ఎలకలు వైర్లు కొరుకుతాండాయి, ఇన్సూరెన్సు కట్టే దినం దగ్గరికి వస్తాండాది. అందుకని అమ్మల్లని.

నేను పోయేసరికి పక్కింటి మునిరాజు అరుగు మీద కూర్చోని ఉండాడు. ఆవులు పెట్టుకోని పాలు పోసే మనిషి. వ్యాను తోలేది లగుమప్పే నేర్పించినాడు. ఆ వ్యాను నేనే తీసుకుంటాను, సగం డబ్బు ఇప్పుడే, మిగతా సగం టమాటా పంట అమ్మినాక ఇస్తాను అంటాండాడు. పేరు కూడా అప్పుడే మార్చుకుంటానన్నాడు. ఆయన చెప్పిన ధర మా కంపెనీ ఇచ్చేదానికంటే ఇరవై ఐదు వేలు ఎక్కువ.

నేను బండి చూడడం మొదలుపెట్టినాను. బాడీ బాగుండాది, ఇంజను బాగుండాది. లోపల నడిమి సీటు లేదు. దాని చోట్లో ఒక చెక్క పలక, పలక మీద మడిచిన జంకానా, కింద పరుచుకునేది. పలక మీద నల్లగా మరకలు. ఒక మూలకు కొత్త కొబ్బరి తాడు, నీళ్ళ క్యాను. సాలమ్మ పక్కకు వచ్చి, ఆ సీటు ఎందుకు తీసినారంటేనప్పా అని చెప్పబోయింది. ఒక నిమిషం ఉండమ్మా, ఫోటోలు తీసుకుంటాను అన్నాను. సీటు లేదు అని టిక్కు పెట్టినాను. లోపల మరకలు అని టిక్కు పెట్టినాను. ఒకొక్క టిక్కుకూ ధర తగ్గతా పోయింది. ఆమె చెప్పబోయిన మాట మళ్ళా నేను అడగలే.

అరుగు మీద కూర్చోని అయ్యవారి సంగతి ఎత్తుకున్నాను. చెప్పాల్సిన చోట చెప్పి, ఆపాల్సిన చోట ఆపినాను. సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని వినింది. జీపు దగ్గరకు వచ్చేసరికి ఆమె మొగం మారిపోయింది.

"మా మునిరాజు అట్లా చేస్తాడా అప్పా?" అని అడిగింది.

"మునిరాజు చెయ్యడమ్మా. మునిరాజు దగ్గర కొనేవాడు చేస్తాడు" అన్నాను.

ఈ మాట కూడా నేను ఇంటింటికీ చెప్పే మాటే. మునిరాజు చోట ఆ ఇంట్లో చెప్పిన మనిషి పేరు పెడతాను, అంతే. మునిరాజు లేచి నిలబడినాడు. నాకు ఆ బండి అమ్మే ఉద్దేశమే లేదన్నా, ఊర్లోనే ఉంటాది అన్నాడు. కొనేటప్పుడు అందరూ అదే అంటారు తమ్ముడూ అని నేను నవ్వినాను.  ఆయన సాలమ్మ వైపు చూసినాడు. ఆమె నేల చూపు చూస్తాండాది. చెప్పులు వేసుకోని పాల క్యాన్ల దగ్గరకు పోయినాడు.

సంతకాలు అయినాయి. సాలమ్మ లోపలికి పోయి ఒక బీగంచెవి తెచ్చి ఇచ్చింది. రెండోది ఏదమ్మా, అది లేకపోతే రెండు వేలు కోస్తారు అన్నాను.

"కోసుకోనీ అప్పా. ఆవును అమ్మితే పలుపు ఇస్తామా?" అనింది.

ఎద్దుల బ్రోకరు కొడుకును, నాకు ఆ మాట అర్థం కాకుండా ఉంటాదా? నవ్వొచ్చింది. మా నాయన గుర్తొచ్చినాడు. ట్యాబులో మాత్రం రెండో కీ పోయింది అని రాసినాను. మా నాయన గుర్తొచ్చినాడే గానీ, ఆయన అడిగే మాట గుర్తు రాలే. ఇది పోతే నీ చేను ఎవురు దున్నుతారు అనే మాట.

నేనే వ్యాను తోలుకోని హోసూరుకు వచ్చినాను. టార్గెట్టు ముగిసింది. మేనేజరు భుజం తట్టినాడు.

రాగి చేను

ఒక నాలుగు నెలలు గడిచినాయి. అదే వైపు మనిషి ఒకాయన తన కారు చూపించేదానికి మా షెడ్డుకు వచ్చినాడు. మాటల్లో వాళ్ళ ఊరు చెప్తే, ఆడ సాలమ్మ వ్యాను నేనే తీసుకున్నాను అని గొప్పగా చెప్పినాను.  ఆ తర్వాత ఆడ ఏం జరిగిందో ఆయన చెప్పినాడు.

మునిరాజు నాయన నంజప్ప తెల్లవారి రాగి చేను చూసేదానికి పోయినాడు. ఏనుగులు తొక్కి పోయినాయని తెలిసి, ఎంత మిగిలిందో చూద్దామని. గుంపు అడవిలోకి పోయింది గానీ ఒక ఏనుగు వెనక నిలబడిపోయింది. అది ఆయనకు కనపడలే. తొండంతో ఎత్తి కొట్టింది. ఊరోళ్ళు కూత వేసుకోని పోతే అది తిరుక్కోని పోయింది. నంజప్పకు మాట ఉండింది, నీళ్ళు అడిగినాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే అంచెట్టి వైపు వేరే కేసుకు పోయుండాదని చెప్పినారు. ఊర్లో ఉండేది బైకులే. పాలు తీసకపోయే టెంపో వచ్చేంతవరకు రోడ్డు పక్కన ఆయన్ను ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నారు. డెంకణికోట ఆసుపత్రిలో కృష్ణగిరికి తీసకపొమ్మన్నారు. రాయకోట దాటినాక దారిలోనే పోయినాడు.

ఆ నడిమి సీటు ఎందుకు తీసినారో అప్పుడు తెలిసింది. ఆ ఊర్లో నొప్పులొచ్చిన ఆడోళ్ళను, పాము కరిచినోళ్ళను, ఏనుగు కొట్టినోళ్ళను పడుకోబెట్టి తీసకపోయేది ఆ పలక మీదే. కొబ్బరి తాడు పలక కదలకుండా కట్టేదానికి. లగుమప్ప ఎవురినీ డీజలు డబ్బు కూడా అడిగేవాడు కాదంట. ఆయన పోయినాక ఆ పది నెలలూ మునిరాజు అదే పని చేసినాడు. ఆ పని కోసరమే కొనల్లనుకున్నాడు. నేను మరకలు అని టిక్కు పెట్టినవి అవే.

వ్యాను ఉండింటే నంజప్ప బతికేవాడా? తెలీదు. డాక్టరు కూడా ఏమీ చెప్పలేదంట. బతికేవాడు కాదేమో. అయితే మట్టి రోడ్డు పక్కన టెంపో కోసరం ఎదురుచూస్తా పడుకునే పని ఉండేది కాదు. అది మాత్రం తెలుసు.

పన్నెండో దినం అయినాక మునిరాజు ఇంటికి పోయినాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే పడదాము అనుకున్నాను. చాప వేసి కూర్చోబెట్టినాడు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది.  నేను తప్పు చేసినానప్పా అన్నాను. మునిరాజు ఆవుల వైపు చూస్తానే జవాబు చెప్పినాడు.

"నువ్వు అబద్ధం చెప్పలే అన్నా. మీ అయ్యవారికి జరిగింది నిజమే. మా ఊర్లో ఏం జరుగుతాదో మాత్రం నువ్వు అడగలే."

సాలమ్మ ఇల్లు ఆ పక్కనే. తలుపు తీసే ఉండింది. ఆ దినం నాకు ఆ గడప తొక్కే ధైర్యం రాలే. మజ్జిగ గ్లాసు ఆడనే పెట్టి వచ్చేసినాను.

ఒక్క పొద్దు పని

వెంటనే ఉద్యోగం వదిలేసినాను అని రాస్తే చదివేదానికి బాగుంటాది. వదల్లే. ఇంగా ఒకటిన్నర సంవత్సరం చేసినాను, జీతం కావల్ల కదా. అయ్యవారి సంగతి చెప్పేది మాత్రం ఆపేసినాను. మేనేజరు ఎందుకు అని అడిగితే, నోరు రాలేదు సార్ అన్నాను.

నన్ను తినేసేది ఏమంటే, దారి ఉండింది. చానా సులభమైన దారి. ఇద్దరూ ఒకే ఊరోళ్ళు, బండి అదే ఊరిది, లోను ముగిసింది. సాలమ్మను, మునిరాజును తీసకపోయి హోసూరు ఆర్‌టీఓ ఆఫీసులో నిలబెట్టుంటే పేరు మారిపోయేది. మిగిలిన డబ్బు పంట అయినాక ఇస్తానని ఒక కాగితం రాసుకుంటే చాలు. ఆ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర ఎవురు కూర్చుంటారో ఇరవై రెండేండ్లుగా నాకు తెలుసు. ఒక్క పొద్దు పని. ఆమెకు ఇరవై ఐదు వేలు ఎక్కువ వచ్చేది, కోర్టు భయం ఉండేది కాదు, బండి ఊర్లోనే ఉండేది. ప్రైవేటుగా అమ్మితే వచ్చే ప్రమాదం పేరు మార్చకపోవడమే గానీ, ప్రైవేటుగా అమ్మడం కాదు. ఇది నాకంటే బాగా తెలిసినోడు హోసూరులో లేడు. తెలిసే చెప్పలే. ఒక్క బండి తక్కువ ఉండింది కదా.

ఆ తర్వాత అట్లాంటి ఇండ్లు రెండు తగిలినాయి. రెండు సార్లూ, మా కంపెనీకి ఇయ్యొద్దండి, మీ ఊర్లో అడిగినాయనకే ఇయ్యండి అని చెప్పి, సెలవు పెట్టి నేనే కూడా పోయి పేర్లు మార్పించినాను. రెండో సారి మేనేజరుకు తెలిసి గట్టిగా తిట్టినాడు. నువ్వు ఎవురి దగ్గర జీతం తీసుకుంటాండావు అన్నాడు. ఆయన అడిగిందీ న్యాయమే. 

కాబట్టి కొత్తగా వచ్చే పిలకాయలారా, మిమ్మల్ని కంపెనీకి ఎదురు తిరగమని నేను చెప్పను. మీకూ ఇల్లు, పిల్లలు ఉంటారు. ఎవురి బండి అయినా ముట్టుకునే ముందు ఒక్క మాట అడగండి. ఇది పోతే దీంట్లో పోయేవాళ్ళు ఎట్లా పోతారు అని. అడిగినాక జవాబు వచ్చేంతవరకు ట్యాబు కింద పెట్టండి. చానా ఇండ్లలో, మేము కొత్తది తీసుకుంటాండాము సార్ అంటారు, అప్పుడు మీ పని మీరు చేసుకోండి. ఎప్పుడో ఒకసారి వేరే జవాబు వస్తాది. అప్పుడు ఏం చెయ్యల్లో మీ ఇష్టం. అడగకుండా మాత్రం ఉండాకండి.

రిటైరైన వారం సాలమ్మ ఇంటికి పోయినాను. అంతకుముందు ఆ వ్యాను కోసరం చానా వెతికినాను. వేలంలో తీసుకున్న డీలరు నంబరు పట్టుకోని ఫోను చేస్తే, ఇంగొక డీలరుకు అమ్మినాను అన్నాడు. ఆ ఇంగొకాయన, కేరళకు పోయింది అన్నాడు. ఫోనులో బండి నంబరు కొట్టి చూస్తే ఓనరు పేరు వస్తాది గానీ, నడిమి అక్షరాల చోట చుక్కలే. పేరు చక్కగా మారిపోయింది. మా కంపెనీ మాట తప్పలే. యాడుండాదో మాత్రం తెలుసుకోలేకపోయినాను.

సాలమ్మ అనపకాయలు వొలుస్తా కూర్చోని ఉండింది. నన్ను గుర్తు పట్టింది. కూర్చోమని చెప్పి చాట పక్కకు జరిపింది. నేను క్షమించమ్మా అని చెప్పేదానికి పోయినాను. చెప్పినాను కూడా. ఆమె విన్నట్టే లేదు. చేతిలో ఉండే కాయ వొలిచేసి, తల ఎత్తి ఒకే ఒక మాట అడిగింది.

"బండి యాడుండాదప్పా?"

నాకు తెలిసింది అంతా చెప్పినాను. డీలర్లు, కేరళ, చుక్కలు. ఆమె ఊ కొడతా వినింది. లేచి లోపలికి పోయింది. గోడకు కొట్టిన మేకుకు పాత పలుపులు రెండు మూడు వేలాడతాండాయి. వాటి పక్కన ఉండే బీగంచెవి తీసి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పలుపు పెట్టుకునేది మళ్ళా ఇంగొక ఆవు వస్తాదని. ఈ ఇంటికి ఇంగ బండి రాదు. నువ్వే పెట్టుకో" అనింది.

కోపం లేదు, ఏడుపు లేదు. మళ్ళా కూర్చోని అనపకాయలు వొలుచుకునింది. ఆ బీగంచెవి జేబులో వేసుకోని బస్సు ఎక్కి హోసూరుకు వచ్చినాను. ఇంట్లో టీవీ పక్కన పెట్టినాను. ఇల్లు ఊడుస్తా నా పెండ్లాం చూసి, ఇది ఏ బండిది అని అడిగింది. డెంకణికోట వైపు ఒక ఊరి వ్యానుది అన్నాను.

ఆ వ్యాను యాడుండాది అని అడిగింది.

తెలీదు అన్నాను.